సున్నా పట్టుకుని సాగర్ రోడ్డు మీదుగా

రిపోర్టులో ఉన్నవి నాలుగు వాక్యాలు. చివరి వరుసలో బై-రాడ్స్ అన్న మాట, దాని పక్కన సున్నా. కింద 'మరిన్ని పరీక్షలు అవసరం' అని ఉంది. ఆ కాగితాన్ని మా ఇంట్లో తలా ఒక తీరుగా చదివారు. సున్నా అంటే ఏమీ లేనట్టే కదా అన్నారు మా ఆయన. కింది మాట చూసి మా తోటికోడలి ముఖం పాలిపోయింది. "ఊకెనే మళ్ల రమ్మంటరా బిడ్డా, ఏదో కనవడే ఉంటది" అంది అత్తమ్మ. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. గడ్డ లేదు, నొప్పి లేదు, చనుమొన నుంచి నీరు కారడం లేదు. నలభై ఏడేళ్లు నిండాయి, ఇబ్రహీంపట్నంలో క్యాంపు పెట్టారు, బడి నుంచి ఇంటికొచ్చే దారిలోనే మామోగ్రఫీ బస్సు ఆగి ఉంది, ఎక్కి తీయించుకున్నాను. అంతే.

రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. దాని అర్థం చెప్పే మనిషి మాత్రం రాలేదు. క్యాంపు చీటీ మీదున్న నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ క్యాంపు ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. ఇలాంటి క్యాంపులు మన పల్లెల్లో చాలానే జరుగుతాయి, మంచి మనసుతోనే జరుగుతాయి. కానీ మొదటి పరీక్ష చేసి, రెండో పరీక్షకు ఎక్కడికి పోవాలో చెప్పకుండా వెళ్లిపోతే ఆ ఆడమనిషి చేతిలో మిగిలేది భయం ఒక్కటే. ఈ మాట చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆ సున్నా సంగతి ముందే చెప్పేస్తాను. ఇలాంటి కాగితం చేతిలో పెట్టుకుని ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లను చివరిదాకా ఆపడం న్యాయం కాదు. మామోగ్రామ్ చూసిన డాక్టర్లు ఎవరికి తోచిన మాటల్లో వాళ్లు రాస్తే తర్వాత చూసే డాక్టరుకు అర్థం కాదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్లు 1990లలో బై-రాడ్స్ అన్న పద్ధతి పెట్టారు. 0 నుంచి 6 దాకా అంకెలు. 1 అంటే ఏమీ లేదు. 2 అంటే ఉన్నది హాని చేసేది కాదు. 3 అంటే దాదాపుగా హాని లేనిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం వందకు రెండుకు మించదు, ఆరు నెలలకు మళ్లీ తీసి చూస్తారు. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలి. 5 అంటే వందకు 95కు పైగా క్యాన్సర్ అయ్యే అవకాశం. 6 అప్పటికే ముక్క పరీక్షలో జబ్బు తేలినవాళ్లకు. సున్నా ఈ వరుసలో దేనికీ కిందా కాదు, పైనా కాదు. ఉన్న బొమ్మలతో తేల్చలేకపోతున్నాను, ఇంకొన్ని తీయాలి, పాత ఫిల్ములుంటే తెండి అని రేడియాలజిస్టు రాసే మాట అది. అంటే మా ఆయన చదివిందీ సరి కాదు, అత్తమ్మ ఊహించిందీ సరి కాదు.

అమెరికాలో మామోగ్రామ్ తీయించుకున్న వంద మంది ఆడవాళ్లలో ఇంచుమించు పది మందిని మళ్లీ పిలుస్తారు. అలా పిలిచిన పది మందిలో ఒకరికన్నా తక్కువ మందికే క్యాన్సర్ తేలుతుంది. మన దగ్గర చాలామంది గడ్డ చేతికి తగిలాకే ఆ మిషన్ దాకా వెళ్తారు కాబట్టి ఆ లెక్క మనకు అచ్చంగా సరిపోదు. ఏ లక్షణమూ లేకుండా తీయించుకున్నవాళ్లకు మాత్రం అది కొంత ధైర్యం. ఇదంతా నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నిద్ర లేని రాత్రులు కొన్నయినా తగ్గేవి.

చెప్పింది చివరికి మా వాడ ఆశా కార్యకర్త. ఆమెకు బై-రాడ్స్ తెలియదు. కానీ ఏం చేయాలో తెలుసు. "టీచరమ్మా, కాగితం పట్టుకొని పెద్ద దవాఖానకు పోవాలె. ఆడ మళ్ల తీస్తరు, స్కానింగ్ చేస్తరు. పొయ్యేనాడు పౌడర్ పెట్టుకోకు, సెంటు కొట్టుకోకు" అంది. పౌడరు ఎందుకు వద్దో తర్వాత తెలిసింది. చంకల్లో, రొమ్ముల కింద రాసుకున్న పౌడరు, సెంటు రేణువులు ఫిల్ము మీద తెల్లటి చుక్కలుగా పడతాయి. క్యాన్సర్ తొలిదశలో కనిపించే సున్నపు చుక్కలూ అలాగే ఉంటాయి. ఏది ఏదో తేల్చడానికి డాక్టరు ఇబ్బంది పడాలి.

పొద్దున్నే నేనూ మా తోటికోడలూ 277 బస్సు ఎక్కాం. మా ఆయన వస్తానన్నారు గానీ నేనే వద్దన్నాను. ఆ గదుల్లోకి మగవాళ్లను రానివ్వరు, బయట కూర్చుని ఆయన పడే ఆందోళనను కూడా నేనే మోయాలి. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం. దీని గురించి జరిగే వాదాలన్నీ నేనూ విన్నాను. ఆ బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లలో దవాఖాన చీటీ ఉన్న సంచీ పట్టుకున్నవాళ్లు ఎందరున్నారో కూడా చూశాను. ఇంట్లో ఎవరినీ పైసలు అడగకుండా ఆడమనిషి నగరం దాకా పోయి పరీక్ష చేయించుకుని రాగలగడం చిన్న సంగతి కాదు. రెండో పరీక్షకు, మూడో పరీక్షకు అది మరీ పెద్ద సంగతి.

కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువున్న ఊరు మాది. నగరానికి ముప్పై కిలోమీటర్ల చిల్లర. శేరిగూడ, మంగల్‌పల్లి దగ్గర ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఎక్కుతారు, దిగుతారు. బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటితే ఇక తుర్కయంజాల్, ఇంజాపూర్, బీఎన్ రెడ్డి నగర్... ఊరికీ ఊరికీ మధ్య చేను కనిపించడం మానేసి చాన్నాళ్లయింది. సాగర్ రింగు రోడ్డు దగ్గర దిగి, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాం. దారి పొడుగునా మా తోటికోడలు నా చెయ్యి వదల్లేదు. "అక్కా, ఏం కాదులే" అని ఒక్కసారి కూడా అనలేదు. అందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను. ఏమీ కాదని ఎవరికి తెలుసు? తెలుసుకోవడానికే కదా పోతున్నాం.

హైదరాబాద్‌లో ఈ పరీక్షలకు పోదగిన చోట్లు లేకపోలేదు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో పోయాక ఆమె పేరుతో ఎన్టీ రామారావు తలపెట్టిన ఆసుపత్రి 2000లో బంజారాహిల్స్‌లో మొదలైంది. నిమ్స్ ఉంది. తల్లి క్యాన్సర్‌ను జయించాక ఆమె పేరు మీదే డాక్టర్ రఘురామ్ 2007లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ పెట్టారు. అక్టోబరులో చార్మినార్‌ను గులాబీ రంగు దీపాలతో వెలిగించడం వాళ్ల పనే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఆశా కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, ఆడవాళ్ల రొమ్ములను చేత్తో పరీక్షించే కార్యక్రమాన్నీ వాళ్లు నడిపారు. దీపాలకన్నా ఆ రెండోదే నాకు పెద్ద పనిగా కనిపిస్తుంది. మేం ఏ ఆసుపత్రికి పోయామన్నది చెప్పను. ఎక్కడికి పోయినా పద్ధతి ఒక్కటే.

వరండాలో బల్లల నిండా ఆడవాళ్లు. కొందరి ఒళ్లో ఎక్స్‌రే కవర్లు, కొందరి ఒళ్లో పిల్లలు. నా పక్కన యాచారం వైపు నుంచి వచ్చినామె కూర్చుంది. నాకన్నా చిన్నది. మాది ఇబ్రహీంపట్నం అని తెలియగానే "మీ మీదికెల్లే వస్తం మేము" అని దగ్గరికి జరిగింది. కాసేపటికి సంచీలోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "అక్కా, జర చదివి చెప్పరాదు. మా ఆయనకు ఇంగ్లీషు రాదు, చదువుకున్న పిల్లగాన్కి చూపియ్య బుద్ధి కాలె."

చదివాను. చివర 5 అని ఉంది. తేదీ చూస్తే నెలలు దాటింది.

గడ్డ ఉగాదప్పుడే చేతికి తగిలిందట. నొప్పి లేదు కాబట్టి ఊరుకుంది. నొప్పి లేని గడ్డ మంచిదని మన ఊళ్లలో అందరూ అనుకుంటారు. నిజానికి రొమ్ము క్యాన్సర్ గడ్డ తొలిదశలో చాలామందికి నొప్పి పెట్టదు. ఆ తర్వాత ఎవరో పసరు కట్టు కట్టారు. మామోగ్రామ్ తీయించాక, ముక్క పరీక్ష రాస్తే, "బిడ్డ పెండ్లి అయినంక చూద్దాం" అని కాగితం బీరువాలో పెట్టింది. పెళ్లి అయింది. అల్లుడి ఊరి నుంచి బిడ్డ వచ్చి చూసి, ఏడ్చి, తనే తీసుకొచ్చింది. ఆ బిడ్డ అప్పుడు ఓపీ చీటీ లైన్లో ఉంది.

ఆ 5కు అర్థం నేను చెప్పలేదు. చెప్పాల్సింది డాక్టరు, అదీ బిడ్డ పక్కన ఉన్నప్పుడు. "ఇయాల ముక్క పరీక్ష చేయించుకోనిదే ఇంటికి పోవద్దు. అది మాత్రం నాకు తెలుసు" అన్నాను. "గంతనా?" అంది. గంతే అన్నాను.

నన్ను లోపలికి పిలిచారు. జాకెట్టు తీసి గౌను వేసుకోవాలి, మెడలోవి తీయాలి. గొలుసు తీసి మా తోటికోడలికి ఇచ్చాను. పుస్తెలతాడు తీయడానికి చాలామందికి మనసొప్పదని టెక్నీషియన్ అమ్మాయికి తెలుసు. అడగకముందే "వీపు మీదికి వేసుకోండమ్మా, చాలు" అంది. ఎంత చిన్న మాట! ఆ మాట లేకే వెనక్కి తిరిగిపోయేవాళ్లు ఉంటారని నా నమ్మకం.

క్యాంపులో ఒక్కో రొమ్ముకు రెండు బొమ్మలు తీశారు, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఏటవాలుగా ఒకటి. ఇక్కడ ఎడమవైపు, అనుమానం ఉన్న చోటు వరకే చిన్న పలకతో నొక్కి తీశారు. నొప్పి పుట్టింది, కాదనను, కానీ కొన్ని సెకన్లే. అలా నొక్కడం వల్ల ఒకదాని మీద ఒకటి పడిన కండ పొరలు విడిపోతాయి. పొరలు కలిసిపోయి లేని గడ్డను చూపిస్తున్నాయా, నిజంగానే ఏదైనా ఉందా అన్నది అప్పుడు తేలుతుంది. చాలామంది కథ ఇక్కడే, ఈ బొమ్మతోనే ముగుస్తుంది. ఏమీ లేదు, పోయిరండి అంటారు. సున్నపు చుక్కల అనుమానం ఉన్నవాళ్లకైతే ఆ చోటును పెద్దది చేసి తీస్తారు. చుక్కలు పెద్దవిగా, విడివిడిగా ఉంటే చింత లేదు. సన్నగా, వంకరటింకరగా, ఒక్కచోట గుంపుగా ఉంటేనే అనుమానం.

నా కథ అక్కడ ముగియలేదు. నాకు రొమ్ములో కొవ్వు తక్కువ, గట్టి కండ ఎక్కువ అన్నారు. ఫిల్ము మీద కొవ్వు నల్లగా, కండ తెల్లగా, గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. విరగబూసిన పత్తిచేనులో కొంగను వెతికినట్టు ఉంటుంది ఆ పని. అందుకే స్కానింగ్ చేస్తారు. అది శబ్ద తరంగాలతో చూస్తుంది కాబట్టి తెలుపులో తెలుపు అన్న చిక్కు ఉండదు.

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ తెర నావైపు తిప్పింది. నేను అడగలేదు, తనే తిప్పింది. పైన ఒకచోట నల్లటి గుండ్రటి మచ్చ చూపించి, "ఇది నీటితిత్తి. అంచు నున్నగా ఉంది, లోపల అంతా నలుపు, అంటే నీళ్లు. దీంతో పనే లేదు" అంది. యంత్రాన్ని పక్కకు జరిపింది. ఇంకో మచ్చ. ఇది నలుపు కాదు, బూడిద రంగు. సెంటీమీటరు కూడా లేదు. "ఇది గట్టి గడ్డ. అంచు మూడు పక్కల బాగానే ఉంది, ఈ పక్కన స్పష్టంగా లేదు." చంకలో గ్రంథులు కూడా చూసింది. అక్కడ ఏమీ లేదు.

తర్వాత ఆమె నన్ను కూర్చోబెట్టి కాగితం మీద 4ఏ అని రాసింది. ఆ 4లో మళ్లీ మూడు మెట్లు ఉంటాయి. 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం వందకు రెండు నుంచి పది. 4బీ అంటే పది నుంచి యాభై. 4సీ అంటే యాభై నుంచి తొంభై అయిదు. "టీచర్ గారూ, మీలాంటి వంద మందిలో తొంభై మందికి పైగా మామూలు గడ్డే తేలుతుంది. అయినా ముక్క తీయకుండా ఆ మాట నేను రాసివ్వలేను" అంది. లెక్కలు చెప్పుకుని బతికే మనిషిని. తొంభై వందకు ఎంత దగ్గరో నాకు తెలుసు. ఆ మిగిలిన పదిలో నేను ఉండనని ఎవరూ చెప్పలేరనీ తెలుసు. ఆమె నాకు ధైర్యం చెప్పడానికి అంకెను తగ్గించలేదు, భయపెట్టి సంతకం తీసుకోవడానికి పెంచలేదు. నమ్మకం అక్కడ కుదిరింది.

ముక్క పరీక్ష ఆ రోజు కాలేదు, ఇంకో రోజు రమ్మన్నారు. మధ్యలో ఇల్లు, వాడ, చుట్టాలు. "సూది పెడితే పాకుతది" అన్నవాళ్లే ఎక్కువ. "కత్తి తగిలితే కదిలిస్తది, ఆకు మందు ఉంది" అన్నవాళ్లున్నారు. ముక్క తీయడం వల్ల జబ్బు ముదిరి ప్రాణం మీదికి వస్తుందన్నది నిజం కాదు. ఆలస్యంగా ముక్క తీయించుకున్నవాళ్లకు అప్పటికే ముదిరి ఉంటుంది. చూసేవాళ్లు ఆ ముదరడాన్ని సూది ఖాతాలో వేస్తారు.

కానీ మా ఊళ్లో ఆ భయానికి ఇంకో మూలం ఉంది. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు చేతకాదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాతి రోజుల్లో వాళ్లలో నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్న పిల్లల తల్లులు. ఆ తర్వాత మా వైపు ఆడవాళ్లు ఏ క్యాంపు పేరు విన్నా, ఏ సూది పేరు విన్నా వెనక్కి జరగడంలో వింత ఏముంది? మా తోటికోడలి మేనమామ కూతురు సూటిగా అడిగింది: "ఆనాడు మంచిగున్నోళ్లే పోయి పండుకున్నరు గదా అక్కా?" అవును, మంచిగున్నవాళ్లే. నేను ఆమెకు చెప్పగలిగింది ఇంతే. అది పొట్ట లోపలికి పరికరం పంపి చేసే ఆపరేషన్. ఇది పైపై సూది, మత్తు ఆ చోటుకే, ఒక్కొక్కరికి విడిగా, చూసుకుంటూ చేస్తారు. పరికరాలు శుద్ధి చేసినవేనా, సూది కొత్తదేనా అని అడిగే హక్కు మనకుంది, అడుగుదాం. అడిగాను కూడా. నా కళ్ల ముందే ప్యాకెట్ చించారు.

రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారా అని ముందు అడిగారు. వాడేవాళ్లు సొంతంగా మానకూడదు, డాక్టరును అడిగే ఆపాలి. కాగితం మీద సంతకం. పక్కకు కొంచెం వాలి పడుకుని ఎడమ చెయ్యి తల మీదికి పెట్టుకోమన్నారు. చల్లటి మందుతో తుడిచారు. మత్తు సూది చురుక్కుమంది. నొప్పి అన్నది అదొక్కటే. ఆ తర్వాత చిన్న గాటు పెట్టి, స్కానింగ్ తెర మీద గడ్డను చూసుకుంటూ ముక్క తీసే సూదిని పంపారు. "ఇప్పుడు టక్కుమని చప్పుడొస్తుంది, ఉలిక్కిపడకండి" అని ప్రతిసారీ ముందే చెప్పింది డాక్టరమ్మ. ఉలిక్కిపడ్డాను, కానీ కదల్లేదు. తెర మీద సూది మొన తెల్లగా గడ్డలోకి దిగడం నాకూ కనిపించింది. సన్నటి దారపు పోగుల వంటి ముక్కలు ఫార్మలిన్ సీసాలో పడ్డాయి. గడ్డ చిన్నది కాబట్టి ఆ చోట గింజంత కూడా లేని లోహపు గుర్తు ఒకటి వదిలారు. రేపు ఆపరేషన్ అవసరమైతే చోటు తెలియాలి, అవసరం లేకపోతే దీన్ని ఒకసారి పరీక్షించామని ముందు ముందు చూసే డాక్టర్లకు తెలియాలి. తర్వాత నర్సమ్మ గట్టిగా అదిమి పట్టుకుంది. పట్టీ వేసి, ఐసు పెట్టుకోమని, రెండు రోజులు బరువులెత్తొద్దని చెప్పి పంపించారు. కుట్లు లేవు, పడక లేదు.

కొన్నిచోట్ల సన్నటి సూదితో కణాలు పీల్చి పరీక్ష చేస్తారు. జనం దాన్ని సూది పరీక్ష అంటారు. అది తేలిక, ఖర్చు తక్కువ. కానీ కణాలు విడివిడిగా వస్తాయి. ముక్క వస్తే కణాలు ఎలా అమరి ఉన్నాయో, క్యాన్సరైతే పక్క కండలోకి చొచ్చుకుపోయిందో లేదో తెలుస్తుంది. ఏ మందుకు లొంగే రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు ముక్క మీద నమ్మకంగా చేయొచ్చు. సూది పరీక్షలో ఏమీ తేలలేదు, ఇక పర్వాలేదు అనుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి. సున్నపు చుక్కలు మాత్రమే ఉండి గడ్డ లేనివాళ్లకు స్కానింగ్‌లో చోటు దొరకదు, అప్పుడు మామోగ్రామ్ మిషన్ సాయంతోనే ముక్క తీస్తారు.

రిపోర్టు వచ్చేదాకా గడిచిన రోజుల గురించి ఎక్కువ రాయలేను. బడికి వెళ్లాను, ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దాను. ఇంట్లో ఎవరూ పేరెత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ బరువుగా ఉండేది.

ఫలితం: ఫైబ్రోఎడినోమా. హాని లేని గడ్డ. కానీ డాక్టరమ్మ రిపోర్టు చూసి వెంటనే నవ్వలేదు. నా మామోగ్రామ్, స్కానింగ్ బొమ్మలు మళ్లీ తెరిచి, ముక్కలో తేలినదీ బొమ్మలో కనిపించినదీ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూసింది. ఆ మెట్టు ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. బొమ్మ చూస్తే గట్టి అనుమానం కలిగి, ముక్కలో మాత్రం ఏమీ లేదని వస్తే, సూది సరైన చోట పడలేదేమోనని మళ్లీ తీస్తారు. నావి పొసిగాయి. అప్పుడు నవ్వింది. ఆరు నెలలకు ఒకసారి స్కానింగ్‌కు రమ్మంది. ఫిల్ములు, సీడీ, ముక్క పరీక్ష రిపోర్టు అన్నీ ఒకే కవరులో భద్రంగా పెట్టుకొమ్మంది. వచ్చే ఏడాది మామోగ్రామ్ చూసేవాళ్లకు వీటిని మించిన సాయం లేదు. మొదటి క్యాంపులో నాకు సున్నా రావడానికి పోల్చి చూడ్డానికి పాత ఫిల్ము లేకపోవడం కూడా ఒక కారణమే.

యాచారం ఆమెది క్యాన్సరే. ఆమె నంబరు నా దగ్గరుంది. ఆరోగ్యశ్రీలో చికిత్స మొదలైంది. ముందు మందులిచ్చి గడ్డను చిన్నది చేసి, ఆ తర్వాత ఆపరేషన్ అన్నారట. మొన్న ఫోన్ చేస్తే, "ఎంట్రుకలు ఊడినయ్ అక్కా. గడ్డ సగమైందని చెప్పిన్రు" అంది. ఆ గొంతులో నేను విన్నది ధైర్యమే. కానీ ఆ కాగితం బీరువాలో ఉన్న నెలల గురించి నేను ఆలోచించకుండా ఉండలేను. ఆమె నిర్లక్ష్యం అది కాదు. పెళ్లి ఖర్చు, ఇంగ్లీషు కాగితం, తోడు వచ్చే మనిషి లేకపోవడం, ఎవరూ ఫోన్ చేసి ఎందుకు రాలేదమ్మా అని అడగకపోవడం.

భారతదేశంలో 2022లో లక్షా తొంభై వేల మందికి పైగా ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ అంచనా. అదే ఏడు దాంతో చనిపోయినవాళ్లు తొంభై ఎనిమిది వేల పైచిలుకు. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు బస్తీల్లో ఒక పరిశోధన చేశారు. మిషన్లు లేవు. తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి ఇంటింటి ఆడవాళ్ల రొమ్ములను చేత్తో పరీక్షించారు. యాభై దాటిన ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు మూడో వంతుకు దగ్గరగా తగ్గాయని 2021లో ఫలితాలు ప్రకటించారు. గడ్డ దొరికినవాళ్లను ఆ కార్యకర్తలు ఆసుపత్రి దాకా పంపించారు. చేతి పరీక్ష దాకా వచ్చి అక్కడే ఆగిపోతే ఆ ఫలితం వచ్చేది కాదు. మన రాష్ట్రంలో 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఆడవాళ్ల కోసం మంగళవారాలు ప్రత్యేకంగా క్లినిక్కులు పెట్టారు. రొమ్ము పరీక్ష అందులో ఒకటి. మంచి ఆలోచన. క్యాంపు పెట్టేవాళ్లు ప్రభుత్వమైనా, ప్రైవేటు సంస్థైనా, నాదొకటే కోరిక. తేడా కనిపించిన ప్రతి మనిషి పేరూ ఒక పుస్తకంలో ఉండాలి, ఆమె రెండో పరీక్ష అయ్యేదాకా ఆ పేరును కొట్టేయకూడదు. ఎంతమందికి మామోగ్రామ్ తీశామని బోర్డు కడతారు. ఎంతమంది రెండో పరీక్షకు చేరారన్నది కూడా ఆ బోర్డు మీద రాయాలి.

మా క్యాంపులో సున్నా వచ్చినవాళ్లు ఇంకా ఎవరున్నారని ఆశా కార్యకర్తను అడిగితే పేర్లు చెప్పలేదు. చెప్పకూడదు కూడా. నా సంగతి వాళ్లకు చెప్పమన్నాను. ఇష్టమైనవాళ్లు మా ఇంటికి వచ్చారు, వరండాలో కూర్చుని ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఒకామె మత్తు సూది ఎంత నొప్పి అని అడిగింది. ఇంకొకామె జాకెట్టు తీసినప్పుడు మగ డాక్టరు ఉంటాడా అని అడిగింది. ఆడ డాక్టరు కావాలని ముందే అడగొచ్చని, నన్ను చూసింది ఆడవాళ్లేనని చెప్పాను. ముగ్గురు వచ్చే వారం పోతామన్నారు, తోడుగా మా తోటికోడలు వెళ్తుంది, దారి ఇప్పుడు ఆమెకు నాకన్నా బాగా తెలుసు. శేరిగూడ దగ్గర ఉండే ఒకామె మాత్రం పత్తి ఏరడం అయ్యేదాకా రానంటోంది. ఆదివారం ఆశా కార్యకర్తా నేనూ వాళ్ల ఇంటికి వెళ్తున్నాం. కూలీ దొరక్కపోతే ఒక పూట నేనే చేనుకు పోయి ఏరుతానని చెప్పడానికి.